ఎయిర్ బాక్సుకు చిల్లు పెడితే పికప్ పెరుగుతుందా?

బైకు సైడ్ ప్యానెల్ ఊడదీస్తే లోపల ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. మూతకు నాలుగు స్క్రూలు, ఒక పక్క చిన్న గొట్టం, మరో పక్క ఇంజిన్ వైపు సాగే రబ్బరు మెడ. అంతే. మెరిసే భాగం ఒక్కటీ ఉండదు. షోరూములో దాని గురించి చెప్పేవారూ లేరు, అడిగేవారూ లేరు. కానీ బండికి పికప్ పెంచుకుందామని కుర్రవాళ్లు మెకానిక్ షెడ్డుకు వెళ్తే మొదటి వేటు పడేది దాని మీదే. మూతకు చిల్లులు పెట్టిస్తారు. గొట్టం పీకేస్తారు. కొందరైతే డబ్బా మొత్తం తీసేసి కార్బురేటర్ మూతికి శంఖు ఆకారపు ఫిల్టర్ బిగిస్తారు. ఆర్‌ఎక్స్ 100 రోజుల నుంచి నేటి ఇంజెక్షన్ బళ్ల వరకు ఈ పని ఆగలేదు.

గాలి ఎక్కువ పోతే బలం ఎక్కువ వస్తుందన్నది దీని వెనకున్న నమ్మకం. అందులో నిజం ఉంది కానీ అది సగం నిజమే. ఆ డబ్బాను ఇంజిన్‌కు అడ్డంగా పెట్టిన మూతగా చూసినంతకాలం మిగతా సగం అర్థం కాదు. పిస్టన్, వాల్వు ఎలాగో ఎయిర్ బాక్సూ అలాగే ఇంజిన్‌లో ఒక భాగం. దాని పొట్టలో పట్టే గాలి ఎంత, గొట్టం ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నవి లెక్క కట్టి పెట్టినవే. ఆ లెక్క తెలిసినవాడు మారిస్తే ఇంజిన్ బాగుపడుతుంది. తెలియక మారిస్తే చప్పుడు పెరిగి, ఆయుష్షు తగ్గుతుంది.

లీటరు పెట్రోలుకు తొమ్మిది వేల లీటర్ల గాలి

మనం పెట్రోలు బండి అంటాం కానీ, ఇంజిన్ లోపలికి వెళ్లే సరుకులో పెట్రోలు వాటా చాలా తక్కువ. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి, అంటే సుమారు 9,000 లీటర్లు కావాలి.

పెట్రోలు అందించడం తేలిక. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాన్ని, అంటే జెట్‌ను, కాస్త పెద్దది వేస్తే చాలు, ఎంత కావాలంటే అంత వస్తుంది. కష్టమంతా గాలిని లోపలికి చేర్చడంలోనే ఉంది. మామూలు బైకులో గాలిని నెట్టే యంత్రం ఏదీ ఉండదు. పిస్టన్ కిందికి దిగి చోటు చేస్తుంది, బయటి వాతావరణ పీడనం గాలిని లోపలికి తోస్తుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం సుమారు 101 కిలోపాస్కల్. గాలి దారిలో ఉన్న ప్రతి వంపూ, ప్రతి సన్నటి మెడా, ఫిల్టర్ కాగితమూ అందులో కొంత తినేస్తాయి. ఒక బండిలో ఫుల్ థ్రాటిల్ మీద ఈ నష్టం 2 కిలోపాస్కల్ అనుకుందాం. అప్పుడు సిలిండర్‌కు చేరే గాలి దాదాపు 2 శాతం తగ్గుతుంది, బలమూ ఇంచుమించు అంతే తగ్గుతుంది.

ఇక్కడే ఒక హద్దు తెలుస్తుంది. అడ్డాలన్నీ తీసేసినా ఆ తిన్న 2 శాతమే తిరిగొస్తుంది. 14 గుర్రాల బలమున్న 150 సీసీ బండిలో అది పావు గుర్రం కంటే కాస్త ఎక్కువ. కంపెనీ డబ్బా మరీ ఇరుకుగా ఉన్న బళ్లలో లాభం ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ఫిల్టర్ మార్చగానే అయిదు గుర్రాలు పెరుగుతాయని ఎవరైనా చెబితే మాత్రం ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి.

నాలుగో వంతు సమయంలోనే పీల్పు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ గాలిని నీటి కుళాయిలా ఏకధారగా తీసుకోదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పీలుస్తుంది. 150 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం మీద ఉందనుకోండి. రెండు చుట్లకు పట్టేది 15 మిల్లీసెకన్లు. అందులో పిస్టన్ గాలి లాగే స్ట్రోకు నాలుగు మిల్లీసెకన్ల లోపే. మిగతా 11 మిల్లీసెకన్లు పీల్పు దాదాపు ఉండదు. సగటున సెకనుకు 10 లీటర్ల గాలి పోతున్నట్టు కనిపించినా, లాగే ఆ క్షణంలో వేగం సెకనుకు 40 లీటర్ల లెక్కన ఉంటుంది.

గాలి వేగం రెట్టింపైతే దారిలో పీడన నష్టం సుమారు నాలుగు రెట్లవుతుంది. నాలుగు రెట్లయితే నష్టం 16 రెట్లు. అందువల్ల చిన్న ఫిల్టర్‌ను నేరుగా కార్బురేటర్ మూతికి బిగిస్తే ఆ కుదుపంతా ఫిల్టర్ కాగితం మీదే పడుతుంది. అదే మధ్యలో ఆరేడు లీటర్ల డబ్బా ఉంటే, ఇంజిన్ ఒక్కసారిగా లాగినప్పుడు అప్పటికే నిలవున్న గాలి అందుతుంది. ఆ తర్వాతి 11 మిల్లీసెకన్లలో బయటి నుంచి గాలి నిదానంగా వచ్చి డబ్బా నిండుతుంది. ఫిల్టర్ మీద పడేది సగటు వేగమే. సింగిల్ సిలిండర్ బళ్లలో ఇంజిన్ పరిమాణానికి ఎన్నో రెట్లు పెద్దదైన డబ్బా పెట్టడానికి కారణం ఇదే. చూడడానికి ఇరుకుగా ఉన్న డబ్బా, బయటికి విశాలంగా కనిపించే చిన్న ఫిల్టర్ కంటే ఎక్కువ గాలి అందించగలదు.

డబ్బాకు ఇంకో పనీ ఉంది. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా పుట్టే ధ్వని ఈ దారినే బయటికి వస్తుంది. సైలెన్సర్ పెట్టాక బండి చప్పుడులో పెద్ద వాటా ఇన్‌టేక్‌దే. ధ్వని నిబంధనలు బిగిసేకొద్దీ కంపెనీలు ఎయిర్ బాక్సు గొట్టాన్ని సన్నగా, పొడవుగా చేశాయి. మార్పు చేయాలనుకునేవారికి నిజమైన అవకాశం ఉన్నది ఇక్కడే, ఎందుకంటే ఆ గొట్టం కొలత ఇంజిన్ బలం ఒక్కదాన్నే చూసి పెట్టింది కాదు.

ఘటం పలికే చోట ఇంజిన్ పలుకుతుంది

కచేరీలో ఘటం విద్వాంసుణ్ణి జాగ్రత్తగా గమనించండి. కుండ మూతిని పొట్టకు ఆనిస్తాడు, కొంచెం ఎడం చేస్తాడు, మళ్లీ ఆనిస్తాడు. వాయించే వేళ్లు అవే, కుండ అదే, కానీ లోపలి నుంచి వచ్చే మంద్రనాదం మారిపోతుంది. మూతి మూసుకునేకొద్దీ నాదం కిందికి దిగుతుంది, తెరుచుకునేకొద్దీ పైకి లేస్తుంది. కుండలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, మూతి దగ్గరి గాలి ఆ స్ప్రింగుకు తగిలించిన బరువులా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక పొట్ట, ఒక మెడ ఉన్న ప్రతి పాత్రకూ ఇలా తనదైన ఒక నాదం ఉంటుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ ధ్వనుల్ని విడదీసి వినడానికి ఇలాంటి గుండ్రటి పాత్రలనే వాడాడు. అందుకే వీటిని హెల్మ్‌హోల్ట్జ్ రెజొనేటర్లు అంటారు.

ఎయిర్ బాక్సు కూడా అచ్చంగా అలాంటి పాత్రే. డబ్బా పొట్ట, గొట్టం మెడ. 6 లీటర్ల డబ్బాకు 12 చదరపు సెంటీమీటర్ల మూతి వైశాల్యం, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం పెట్టారనుకుందాం. సూత్రం ప్రకారం దాని సహజ పౌనఃపున్యం సెకనుకు సుమారు 63 కంపనాలు. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సెకనుకు 63 సార్లు గాలి పీల్చేది 7,500 ఆర్‌పీఎం దగ్గర. ఇంజిన్ ఆ వేగానికి చేరువవుతుంటే గొట్టంలోని గాలి ఊగు బలపడుతుంది. పీల్పు ముగియబోతున్న క్షణంలో, గొట్టంలో పరుగు మీదున్న గాలి ఆగలేక డబ్బాలోకి దూసుకొచ్చి పీడనం పెంచుతుంది. వాల్వు మూసుకునేలోపు సిలిండర్‌లోకి మరికొంత గాలి చేరుతుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే సాయం అది. ఆ వేగం దాటాక అదే ఊగు వేళ తప్పి ఎదురు తిరుగుతుంది. ఎక్కడ సాయం కావాలో, ఎక్కడ నష్టపోయినా ఫర్వాలేదో చూసి డిజైనర్ కొలతలు నిర్ణయిస్తాడు.

ఇప్పుడు ఆ డబ్బాకు మన చిల్లు పెడదాం. గాలి వచ్చే దారి వైశాల్యం నాలుగు రెట్లయితే సహజ పౌనఃపున్యం రెట్టింపవుతుంది. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సిన సాయం 15,000కు జరిగిపోతుంది. ఆ ఇంజిన్ జన్మలో అంత వేగం తిరగదు. చిల్లు పెట్టించిన బళ్లు చాలావాటిలో పై వేగాల్లో కాస్త ఊపు వచ్చి, మధ్య వేగాల్లో బలం తగ్గడానికి ఇదొక కారణం. మనం రోజూ ఊళ్లో తిరిగేది ఆ మధ్య వేగాల్లోనే. నాలుగో గేరులో లారీని దాటబోతే బండి బరువుగా అనిపిస్తుంది.

గొట్టం పొడవులో దాగిన సమయం

డబ్బా దాటాక ఇంజిన్ వాల్వు దాకా ఉండే దారిలో ఇంకో లెక్క నడుస్తుంది. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని పిస్టన్ లాగగానే ఒక అల్పపీడన తరంగం పుట్టి ధ్వనివేగంతో వెనక్కి పరుగెడుతుంది. గొట్టం డబ్బాలోకి తెరుచుకునే చోటికి చేరగానే అది అధికపీడన తరంగంగా తిరగబడి మళ్లీ వాల్వు వైపు వస్తుంది. గొట్టం 30 సెంటీమీటర్లుంటే రానుపోను 60 సెంటీమీటర్లు, అంటే రెండు మిల్లీసెకన్ల లోపు ప్రయాణం. వాల్వు మూసుకోబోయే ముందు అది చేరితే గాలిని లోపలికి నెట్టి మరీ మూస్తుంది. ఆలస్యమైతే మూసిన తలుపును తట్టి వెళ్లిపోతుంది.

తరంగం వేగం ఇంజిన్ చెప్పుచేతల్లో ఉండదు. ఇంజిన్ తిరిగే వేగం మాత్రం క్షణక్షణం మారుతుంది. అందుకే ఒక పొడవు ఒక వేగానికే సరిపోతుంది. తక్కువ వేగాలకు పొడుగు గొట్టం, ఎక్కువ వేగాలకు పొట్టి గొట్టం కావాలి. రెండూ ఒకే బండిలో ఇవ్వాలని యమహా 2007లో వైజెడ్‌ఎఫ్-ఆర్1లో మోటారుతో కదిలే గొట్టాలు పెట్టింది. తక్కువ వేగాల్లో రెండు ముక్కలు కలిసి ఒక పొడుగు గొట్టంగా ఉంటాయి. ఇంజిన్ బాగా వేగం అందుకున్నాక పై ముక్క లేచిపోయి పొట్టి గొట్టం మిగులుతుంది. కొన్ని సెంటీమీటర్ల తేడా కోసం ఒక మోటారు, ఒక కంప్యూటర్ ఆదేశం పెట్టడం దండగ ఖర్చని ఆ ఇంజినీర్లు అనుకోలేదు.

డబ్బా తీసేసినప్పుడు ఈ లెక్క కూడా చెదురుతుంది. డబ్బా లోపల గొట్టం చివర పూల రేకులా వెలుపలికి విచ్చుకున్న అంచు ఉంటుంది. దాన్ని బెల్ మౌత్ అంటారు. గాలి పక్కల నుంచి సాఫీగా మళ్లి లోపలికి రావడానికే ఆ వంపు. శంఖు ఫిల్టర్‌ను కార్బురేటర్ మూతికి తొడిగి క్లాంపు బిగిస్తే కొన్నిసార్లు ఫిల్టర్ రబ్బరు అంచు గాలి దారిలోకి పొడుచుకొస్తుంది. చేత్తో తడిమితే తెలిసే ఆ చిన్న మెట్టు దగ్గర గాలి సుడులు తిరుగుతుంది. పెద్ద ఫిల్టర్ తెచ్చిపెట్టిన లాభాన్ని చాలావరకు అదే తినేస్తుంది.

మూడంగుళాల చదరం నేర్పే పాఠం

ఈ మార్పు సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో తెలియడానికి సుజుకి డీఆర్-జెడ్400ఎస్ మంచి ఉదాహరణ. 2000లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన 398 సీసీ సింగిల్ సిలిండర్ బండి అది. రోడ్డు మీదా, మట్టి బాటల్లోనూ నడిచే రకం. దాని యజమానుల్లో త్రీ బై త్రీ అన్న పేరుతో ఒక మార్పు బాగా పాతుకుపోయింది. సీటు తీస్తే ఎయిర్ బాక్సు పైమూత కనిపిస్తుంది. మూతలో ఉన్న గొట్టాన్ని లాగేసి, అక్కడ మూడంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పుతో చదరంగా కోస్తారు. అంటే 58 చదరపు సెంటీమీటర్ల కిటికీ. అంచుల్ని నున్నగా గీకి, ప్లాస్టిక్ పొడి మొత్తం తుడిచేసి, కార్బురేటర్ జెట్లు మార్చి బిగిస్తారు.

ఇందులో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, కోత ఫిల్టర్‌కు బయటి వైపు పడింది. గాలి ఏ దారిన వచ్చినా ఫిల్టర్ గుండానే పోవాలి. డబ్బా, దాని సీలు, ఇంజిన్ వైపు రబ్బరు మెడ యథాతథంగా ఉన్నాయి. రెండోది, కోసిన ప్రతివాళ్లూ జెట్లు కూడా మార్చారు. ఆ బండి కర్మాగారం నుంచి వచ్చేటప్పుడే కాలుష్య నిబంధనల కోసం పెట్రోలు తగ్గించి పెట్టిన సెట్టింగుతో వచ్చేది. కాబట్టి వాళ్లకు దొరికిన ఊపులో కొంత భాగం చిల్లుది, కొంత భాగం జెట్లది. జెట్లు మార్చకుండా చిల్లు ఒక్కటే పెట్టి ఉంటే బండి ఇంకా పల్చగా మండేది. మూడోది, లాభానికి వెల ఉంది. చప్పుడు పెరుగుతుంది, వాగు దాటేటప్పుడూ బండి కడిగేటప్పుడూ ఆ కిటికీలోకి నీళ్లు పోయే ప్రమాదం పెరుగుతుంది. అక్కడి కాలుష్య నిబంధనల ప్రకారం రోడ్డు బండికి చేయదగ్గ మార్పూ కాదు. ఇవన్నీ తెలిసి చేసినవాళ్లకు ఆ కోత ఇంజినీరింగు.

చోక్ చెప్పే రహస్యం

గాలి దారి విప్పితే పెట్రోలు ఎందుకు తగ్గుతుంది? పాత బళ్ల చోక్ గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. చలికాలం ఉదయం బండి స్టార్ట్ కాకపోతే చోక్ లాగేవాళ్లం. చాలా కార్బురేటర్లలో అది చేసేది గాలి దారిని ఒక పలకతో మూయడమే. దారి మూసుకుంటే కార్బురేటర్ గొంతులో పీడనం బాగా పడిపోయి, జెట్ గుండా పెట్రోలు ఎక్కువ వస్తుంది. మిశ్రమం చిక్కబడుతుంది. దుమ్ము పట్టిన ఫిల్టర్ కూడా కాస్త వేసి మరిచిపోయిన చోక్ లాంటిదే. కార్బురేటర్ బండి మైలేజీ పడిపోయినప్పుడు అనుభవమున్న మెకానిక్ ముందు ఫిల్టర్ విప్పి చూసేది అందుకే.

ఎయిర్ బాక్సు తెరవడం దీనికి సరిగ్గా రివర్సు. అడ్డం తగ్గితే కార్బురేటర్ గొంతులో పీడనం అంతగా పడదు, జెట్ పెట్రోలు తక్కువ ఇస్తుంది, గాలి ఎక్కువ పోతుంది. మిశ్రమం పల్చబడుతుంది. పూర్తి బలం రావాలంటే కిలో పెట్రోలుకు పన్నెండున్నర, పదమూడు కిలోల గాలి పాళ్లలో కాస్త చిక్కగా ఉండాలి. ఆవిరయ్యే ఆ అదనపు పెట్రోలు సిలిండర్‌ను చల్లబరుస్తుంది కూడా. పల్చబడితే వేడి పెరుగుతుంది, థ్రాటిల్ వదలగానే సైలెన్సర్‌లో టపటపలు మొదలవుతాయి. ఫుల్ థ్రాటిల్ మీద అలాగే దూరం నడిపితే నాకింగ్ వచ్చి పిస్టన్ తల దెబ్బతింటుంది. టూ స్ట్రోక్ బళ్లలో పిస్టన్ ఉబ్బి సిలిండర్‌కు పట్టేసి నడిరోడ్డు మీద ఇంజిన్ సీజ్ అయ్యేది.

స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే కార్బురేటర్ బండి సంగతి కొంత తెలుస్తుంది. నడిమి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం బాగుంది. నల్లటి మసి ఉంటే చిక్కన. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పల్చన.

మన దగ్గర ఇప్పుడు దీనికి మరో సంగతి తోడైంది. నేడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ కిలోకు 9 కిలోల గాలే కావాలి. ఆ మిశ్రమానికి కావాల్సిన గాలి 14.7 నుంచి సుమారు 13.5 కిలోలకు తగ్గుతుంది. అంటే పాత పెట్రోలుకు సెట్ చేసిన కార్బురేటర్ బండి, జెట్లు మార్చకపోతే, ఇప్పటికే ఏడెనిమిది శాతం పల్చగా నడుస్తోంది. దాని ఎయిర్ బాక్సుకు చిల్లు కూడా పెడితే రెండు పల్చదనాలు కలుస్తాయి. పాత బండి ప్రేమికులు ఈ లెక్కను తప్పక గుర్తుంచుకోవాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, అంతా చూసుకుంటుందన్న ధీమా చాలామందికి ఉంది. అది కొంతవరకే నిజం. నిదానంగా వెళ్తున్నప్పుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ మాట విని ఈసీయూ పెట్రోలు సరిచేస్తుంది. కానీ ఫుల్ థ్రాటిల్ మీద ఆ సెన్సర్‌ను పక్కనపెట్టి, కంపెనీ ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పెట్రోలు కొడుతుంది. ఆ పట్టిక కంపెనీ ఎయిర్ బాక్సు ఉన్న ఇంజిన్ మీద కొలిచి రాసింది. డబ్బా మారిన సంగతి పట్టికకు తెలియదు. బలం కోసం చేసిన మార్పు, బలం కావాల్సిన చోటే తప్పు లెక్కతో నడుస్తుంది. పట్టిక తిరగరాయించకుండా ఇంజెక్షన్ బండి ఇన్‌టేక్ ముట్టుకోవడం సగం పనే.

దుమ్ము పట్టిన ఫిల్టర్ విషయంలోనూ కార్బురేటర్‌కూ ఇంజెక్షన్‌కూ తేడా ఉంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల కార్ల మీద దీన్ని పరీక్షించింది. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, వేగం అందుకోవడం మాత్రం మందగించింది. ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ పాడైతే ముందు పోయేది పికప్పే.

వేడి గాలి, ఎదురు గాలి

శంఖు ఫిల్టర్ పెట్టాక అది ఎక్కడుందో ఒకసారి చూడండి. సిలిండర్ హెడ్ వెనకాల, జానెడు దూరంలో. కంపెనీ డబ్బా గాలిని సీటు కింది నుంచో, పక్క నుంచో కాస్త చల్లటి చోటి నుంచి తీసుకునేది. ఇప్పుడు బండి ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ కాచిన గాలినే పీలుస్తుంది. గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత 9 శాతం తగ్గుతుంది. అడ్డం తొలగించి సంపాదించిన రెండు శాతాన్ని వేడి తొమ్మిది శాతంగా పట్టుకుపోతుంది.

ప్రకృతి ఈ విషయంలో ఏ ఫిల్టర్ కంటే పెద్ద ఆట ఆడుతుంది. ఆదిలాబాద్‌లో డిసెంబరు ఉదయం 10 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకుంటే, ఒకే ఊళ్లో ఒకే ఇంజిన్‌కు అందే గాలి 11 శాతం తగ్గినట్టు. విశాఖ తీరం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయకు ఎక్కితే పీడనం దాదాపు 10 శాతం పడిపోతుంది. హైదరాబాద్ నుంచి లద్దాఖ్ వెళ్లే రైడర్లు 5,300 మీటర్లకు పైనున్న ఖర్దుంగ్ లా మీద సముద్రమట్టంతో పోలిస్తే సగం గాలితోనే బండి లాగిస్తారు. చలికాలంలో ఫిల్టర్ మార్చి బండి అదిరిపోయిందని సంబరపడేవారు ఆ చలి చేసిన మేలును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎదురుగాలిని డబ్బాలోకి మళ్లిస్తే? 1990లో కవాసాకి జెడ్‌జెడ్-ఆర్1100లో ఈ ర్యామ్ ఎయిర్ పద్ధతిని తెచ్చింది. వేగం వర్గంతో ఎదురుగాలి పీడనం పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర అది వాతావరణ పీడనంలో 0.3 శాతం. 200 దగ్గర 1.8 శాతం. 300 దగ్గర 4 శాతం. కవాసాకి నింజా హెచ్2ఆర్ బలాన్ని కంపెనీ ర్యామ్ ఎయిర్ లేకుండా 310 పీఎస్‌గా, దానితో 326 పీఎస్‌గా చెప్పింది. రేస్ ట్రాక్ మీద అది విలువైన లాభం. 80 దాటని కమ్యూటర్ బండి ముందు గరాటా పెడితే దక్కేది దుమ్మూ వాన నీళ్లే.

దుమ్ము ఖరీదు

ఇంజిన్ తాగే గాలిని ఇంకోసారి లెక్కవేద్దాం. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి 15,000 కిలోమీటర్లు తిరిగితే 300 లీటర్ల పెట్రోలు, 27 లక్షల లీటర్ల గాలి. అంటే 2,700 ఘనపు మీటర్లు. మట్టి రోడ్డు మీద లారీ వెనక, ఘనపు మీటరుకు ఒక మిల్లీగ్రాము ధూళి ఉందనుకుంటే మొత్తం 2.7 గ్రాములు. కాస్తే కదా అనిపిస్తుంది. కానీ దానిలో ఎక్కువ భాగం రాతిపొడి. అందులోని క్వార్ట్జ్ సిలిండర్ ఇనుము కంటే గట్టిది. వెంట్రుక మందం 70 మైక్రాన్లయితే, ఇంజిన్‌కు ఎక్కువ కీడు చేసేవి 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఆయిల్ పొర మందం కూడా కొద్ది మైక్రాన్లే. ఆ పొరలో దూరిన ప్రతి రేణువూ గీత గీస్తుంది. కొన్నాళ్లకు కంప్రెషన్ పడిపోతుంది, నీలం పొగ మొదలవుతుంది, బోరు తినేసిందని మెకానిక్ తేలుస్తాడు. రీబోరింగుకూ, ఓవర్‌సైజు పిస్టన్‌కూ అయ్యే ఖర్చు ముందు ఫిల్టర్ ఖర్చు ఏపాటిది?

ఫిల్టర్లలో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. పొడి కాగితం ఫిల్టర్‌ను జాగ్రత్తగా దులపొచ్చు. నేడు ఎక్కువ బళ్లలో వచ్చే ఆయిల్ పూసిన విస్కస్ కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, గాలి కొట్టించకూడదు. గడువు కాగానే మార్చేయాలి. బంకు దగ్గర కంప్రెసర్ గాలి దగ్గర పెట్టి కొట్టిస్తే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఫోమ్ ఫిల్టర్‌ను సబ్బు నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. నూలు బట్ట ఫిల్టర్లకూ ఆయిలే ప్రాణం. రేణువుల్ని పట్టేది ఆ జిగటే.

మీ బండిలో ఫిల్టర్ పని చేస్తోందో లేదో తెలుసుకునే తేలిక పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ తీసి, దాని వెనక ఇంజిన్ వైపుకు వెళ్లే రబ్బరు మెడ లోపల తెల్లటి బట్ట చుట్టిన వేలితో తుడవండి. బట్ట శుభ్రంగా వస్తే నిశ్చింత. ఎర్రమట్టి పొడి అంటుకుంటే ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా అంచు సీలు దగ్గరో, క్లాంపు దగ్గరో గాలి దొంగదారిన పోతోందని అర్థం. ఇన్‌టేక్ మార్పించినవాళ్లు ఈ పరీక్ష నెలకోసారైనా చేసుకోవాలి.

మార్చాలనుకుంటే

పద్ధతిగా చేసేవాళ్లు ముందు కొలుస్తారు. బండిని డైనో రోలర్ల మీద ఎక్కించి, ప్రతి వేగంలోనూ బలమెంతో గీత గీయిస్తారు. ఒక్క మార్పు చేసి మళ్లీ గీయిస్తారు. ఆ రోజు వేడి, పీడనం లెక్కలోకి తీసుకుని సరిచేసిన గీతల్నే పోలుస్తారు. మిశ్రమాన్ని సెన్సర్‌తో చూసి జెట్లు గానీ ఈసీయూ పట్టిక గానీ సర్దుతారు. పై చివర ఒక గుర్రం పెరిగిందా అన్నది ఒక్కటే చూడరు, మధ్యలో ఎంత పోయిందో కూడా చూస్తారు. డైనో లేకపోతే ఒకే రోడ్డు మీద, ఒకే గేరులో, ఒక వేగం నుంచి మరో వేగానికి పట్టే సమయాన్ని ఖాళీ రోడ్డు మీద జాగ్రత్తగా చూసుకోవచ్చు. చెవిని మాత్రం నమ్మకూడదు. డబ్బా తెరిస్తే గర్జన పెరుగుతుంది, పెరిగిన గర్జనను మనసు వేగంగా లెక్కేస్తుంది.

చట్టం సంగతీ చూడాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. చప్పుడుకూ పొగకూ వేరే పరిమితులున్నాయి. బలం కోసం చేసే ప్రయోగాలకు తగిన చోటు ట్రాక్.

ఆ చోటు మన పిల్లలకు ఇప్పటికే కొంత దొరుకుతోంది. ఇంజినీరింగ్ కాలేజీ జట్లు బైకు ఇంజిన్లతో చిన్న రేస్ కార్లు తయారుచేసే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో ఒక నిబంధన ఉంది. పెట్రోలు ఇంజిన్‌కు అందే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒకే ఒక్క రంధ్రం గుండా పోవాలి. ఆ రంధ్రంలో గాలి ధ్వనివేగాన్ని అందుకున్నాక ఇంక ఎంత లాగినా ఎక్కువ రాదు. రంధ్రం పెద్దది చేసే వీలు లేదు కాబట్టి విద్యార్థులు దాని వెనక డబ్బా ఎంత పెద్దదుండాలి, గొట్టాలు ఎంత పొడవుండాలి, గాలి ఎక్కడ సుడి తిరుగుతోంది అని నెలల తరబడి తలలు పట్టుకుంటారు. హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం వాళ్లకు పరీక్షలో రాసే జవాబుగా మిగలకుండా, చేత్తో చేసి డైనో మీద చూసుకునే పనిగా మారుతుంది.

మెకానిక్ షెడ్డు ముందు చిల్లు పెట్టించుకునే కుర్రవాడిలో ఉన్నదీ అదే కుతూహలం. ఇంజిన్ ఇంకా బాగా నడవగలదా అన్న ప్రశ్న మంచి ప్రశ్న. ఇంజినీరింగు మొత్తం అలాంటి ప్రశ్నల మీదే నిలబడింది. అతని చేతికి డ్రిల్లు కంటే ముందు కొలత ఇవ్వాలి. ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ ఒక పాత సింగిల్ సిలిండర్ ఇంజిన్‌నూ, గొట్టాలు మార్చగల ఒక ఎయిర్ బాక్సునూ, ఒక మామూలు డైనోనూ ఆ పిల్లల ముందు పెడితే, గాలి ఊగును వాళ్లే పట్టుకుంటారు. అప్పటిదాకా రోడ్డు మీద తిరిగే బండికి అన్నిటికంటే మంచి ఇన్‌టేక్ మార్పు ఒకటే. గడువుకు కొత్త ఫిల్టర్, పగుళ్లు లేని రబ్బరు మెడ, నాలుగు స్క్రూలూ గట్టిగా బిగించిన మూత.